ఉర్దూ, తెలుగు నుడికారాలలో హాస్య పదాలు – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు పక్కపక్కనే నివసిస్తున్నవి. లిపులు వేరు, పాఠ్యగ్రంథాలు వేరు. ఒకటి కుడినుండి ఎడమకు నడుస్తుంది, మరొకటి ఎడమనుండి కుడికి నడుస్తుంది. అయినా తరగతి ముగిసిన తరువాత వసారాలో వినవచ్చే నవ్వు ఏ భాషదో చెప్పడం కష్టం. ఉర్దూ విద్యార్థి 'మజాక్' అంటాడు. తెలుగు విద్యార్థి 'నాతో మజాకా?' అంటాడు. మాట ఒక్కటే. మొదటివాని నోట అది స్నేహానికి పిలుపు. రెండవవాని నోట అది హెచ్చరిక. ఇల్లు మారగానే మాట గుణం ఎందుకు మారింది? ఈ ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

హాస్యరస సిద్ధాంతాన్ని సమగ్రంగా వివరించడం మా ఉద్దేశం కాదు. నవ్వు, చమత్కారం, తేలికైన స్వభావం – వీటికి రెండు భాషలలో గల పదాలను కొన్నింటిని ఏరి, వాటి పుట్టుకను, నడకను పరిశీలించడమే మేము తలపెట్టిన పని. ఈ పదాలను చేర్చి చూచినప్పుడు ఒక విశేషం గోచరించింది. రెండు భాషలూ నవ్వును రెండు కొలతలతో కొలిచినవి. ఒకటి రుచి, రెండవది బరువు. రుచిని పంచిన నవ్వును అవి మెచ్చుకొన్నవి. ఎదుటివాని బరువును తగ్గించిన నవ్వును అనుమానించినవి. ఈ విషయాన్ని పదాల సాక్ష్యంతోనే నిరూపింప యత్నిస్తాము.

1. రుచి

'మజాక్' అరబ్బీ పదం. 'జౌక్' అనే పదం పుట్టిన ధాతువునుండే ఇదీ పుట్టినది. ఆ ధాతువుకు అర్థం చవిచూచుట. అందుచేతనే ఉర్దూ విమర్శకులు నేటికీ కవితాభిరుచిని 'మజాకె సుఖన్' అంటారు. 'ఖుష్ మజాక్' అంటే మంచి అభిరుచి గలవాడనీ, సరసంగా మాట్లాడగలవాడనీ రెండర్థాలు. 'బద్ మజాక్' అంటే అభిరుచి లేనివాడు. అనగా, ఉర్దూ దృష్టిలో అనుచితమైన హాస్యమాడినవాని దోషం ముందుగా నాలుకకు సంబంధించినది. అతనికి చవి తెలియదు.

'మజా' పారసీక పదం. దానికి కూడ మొదటి అర్థం రుచి అనియే. తెలుగువారు ఈ మాటను తీసికొని 'మజాగా ఉన్నది' అన్నప్పుడు, తెలియకుండానే 'చవిగా ఉన్నది' అన్నారన్నమాట.

ఇప్పుడు మన తెలుగు మాటను చూడుడు. 'సరసం' అంటే రసంతో కూడినది. రసమంటే సారం, చవి. అది ఇంకితే నీరసం, చెడితే విరసం. సరసమాడడం తెలిసినవాడు సరసుడు, దానిని గ్రహించగలవాడు రసికుడు. అరబ్బీ ధాతువుకూ సంస్కృత పదానికీ రక్తసంబంధం లేదు. అయినా రెండు జాతులూ నవ్వును నాలుకతోనే తెలిసికొన్నవి.

'చమత్కారం' కూడ ఈ పంక్తిలోనిదే. రుచికరమైనదానిని ఆస్వాదించినప్పుడు నాలుక చేసే చప్పుడుకు అనుకరణంగా 'చమత్' పుట్టినదని కొందరు పండితుల అభిప్రాయం. అలంకారికులు ఈ పదాన్ని కావ్యానందానికే పేరుగా పెట్టుకొన్నారు. వారిలో అగ్రగణ్యుడైన జగన్నాథ పండితరాయలు తెలుగువాడు. 17వ శతాబ్దంలో షాజహాన్ చక్రవర్తి ఆస్థానంలో గౌరవం పొందినవాడు. చమత్కార శబ్దం ఆనాడే మొగలు దర్బారు గడప దాటినదని మనం సంతోషించవచ్చు.

రుచికి ఒక ధర్మం కలదు. ఒకని రుచిని మరొకనిచేత బలవంతంగా ఒప్పించలేము. వడ్డించవచ్చు, మింగించరాదు. మజాక్, సరసం అనే పదాలలో ఈ మర్యాద ఇమిడి ఉన్నది. అందుకే రెండు సమాజాలూ సరసానికి బంధుత్వాలలో చోటు కేటాయించినవి. తెలుగిండ్లలో బావామరదళ్ళు, వదినా ఆడబిడ్డలు మేలమాడుకొంటారు. ఉర్దూ ఇండ్లలో అటువంటి చుట్టరికాన్ని 'మజాక్ కా రిష్తా' అనే అంటారు. ఎవరితో ఆడవచ్చునో, ఎవరితో ఆడరాదో నిర్ణయించిన తరువాతనే పెద్దలు పెళ్ళిపందిట్లో నవ్వును విడిచిపెట్టారు.

2. పాత్ర

ఉర్దూలో సున్నితమైన హాస్యానికి 'జరాఫత్' అని పేరు. అది గలవాడు 'జరీఫ్'. ఈ రెంటి ధాతువునుండే 'జర్ఫ్' అనే మాట వచ్చినది. 'జర్ఫ్' అంటే గిన్నె, పాత్ర. ఉదారుడు 'ఆలీ జర్ఫ్', అల్పుడు 'కమ్ జర్ఫ్'. తెలుగులో మనం 'పాత్రత', 'అపాత్రుడు' అన్నప్పుడు చేసిన ఊహ ఇదే. హాస్యానికీ పాత్రకూ గల ఈ చుట్టరికం ఆలోచింపదగినది. పాత్ర పెద్దదైతే అందులోని నీరు తొణకదు. చిన్నదైతే కొంచెం కదలినా పొర్లుతుంది. తనపై వచ్చిన పరిహాసాన్ని తనలో ఇముడ్చుకోగలవానికే ఇతరులను నవ్వించే అర్హత ఉన్నదని ఈ పదం బోధిస్తున్నట్లు మేము భావిస్తున్నాము.

దీనికి మీర్జా గాలిబ్ ఉదాహరణం. తర్కశాస్త్రజ్ఞులు మనుష్యుని 'హైవానె నాతిఖ్' అన్నారు. అనగా, వివేకంతో మాటాడగల ప్రాణి. గాలిబ్ శిష్యుడైన అల్తాఫ్ హుసేన్ హాలీ 1897లో వెలువడిన 'యాద్గారె గాలిబ్'లో, తన గురువుకు 'హైవానె జరీఫ్' అనే పేరే తగునన్నాడు. గాలిబ్ లేఖలను చదివినవారికి ఈ బిరుదు అతిశయోక్తిగా తోచదు. తన అప్పులను, అనారోగ్యాన్ని, ముసలితనాన్ని ఆయన తానే నవ్వులకు వస్తువులుగా చేసికొన్నాడు. 1857 తరువాతి ఢిల్లీ దుఃఖమంతా ఆ లేఖలలో ఉన్నది; నవ్వు కూడ ఉన్నది. పాత్ర పెద్దది గనుక రెండూ ఇమిడినవి.

జరాఫత్‌కు తోడబుట్టినది 'హాజిర్ జవాబీ'. పిలువగానే పలికే సమాధానమని అర్థం. మన హాజరు పట్టీలోని 'హాజరు' ఈ 'హాజిర్' శబ్దమే. కొందరి సమాధానాలు సంఘటన జరిగిన మరునాడు స్ఫురిస్తాయి. హాజిర్ జవాబు గలవాని సమాధానం మాత్రం పేరు పిలిచిన వెంటనే లేచి నిలబడుతుంది. తెలుగులో దీనిని 'సమయస్ఫూర్తి' అంటారు. తెలుగువారు ఈ గుణాన్ని పరీక్షించడానికి అవధానంలో ఒక స్థానమే ఏర్పరచినారు. అష్టావధానంలోని పృచ్ఛకులలో ఒకనిది 'అప్రస్తుత ప్రసంగం'. అవధాని పద్యపాదం కూర్చుకొంటుండగా అతడు అడ్డు తగిలి సంబంధం లేని ప్రశ్న వేస్తాడు. అవధాని కోపగించరాదు, ధార తప్పరాదు. సభ నవ్వేటట్లు బదులు చెప్పి తిరిగి తన పద్యంలోకి పోవలెను. ఇంతకన్న కఠినమైన హాజరు పట్టీ మరియొకటి ఉండదు.

తెనాలి రామకృష్ణునికి లోకం ఇచ్చిన 'వికటకవి' అనే బిరుదును కూడ ఇక్కడ స్మరింపవలెను. ఎటునుండి చదివినా అది ఒకే తీరుగా ఉంటుంది. కుడినుండి చదివేవారికీ ఎడమనుండి చదివేవారికీ సమానంగా చెల్లే మాట మన కళాశాలకు తగిన మాట కదా!

3. అల

ఇక స్వభావాన్ని తెలిపే పదాలు. 'మిజాజ్' అనే అరబ్బీ మాటకు మూలార్థం కలయిక, మిశ్రణం. యూనానీ వైద్యంలో రక్తం, శ్లేష్మం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అనే నాలుగు ధాతువుల పాళ్ళనుబట్టి మనిషి స్వభావం ఏర్పడుతుంది. ఆయుర్వేదంలో వాత పిత్త కఫాలనుబట్టి 'ప్రకృతి' నిర్ణయింపబడినట్లే ఇది. 'ఖుష్ మిజాజ్' అంటే పాళ్ళు చక్కగా కుదిరినవాడు. 'మిజాజ్ షరీఫ్?' అని కుశలమడిగే ఉర్దూ మర్యాదలో, 'మీలోని పాళ్ళు సరిగా ఉన్నవా?' అనే వైద్యుని ప్రశ్న దాగి ఉన్నది.

కారణం లేకుండ మనసు ఒకవైపుకు మొగ్గుటకు ఉర్దూలో 'లహర్', 'తరంగ్', 'మౌజ్' అనే మాటలు వాడుతారు. మొదటి రెండు సంస్కృతమునుండి వచ్చినవి, మూడవది అరబ్బీ. మూడింటికీ అర్థం అల. అలలాగ లేచిన బుద్ధి గలవాడు 'మౌజీ', 'మన్‌మౌజీ'. తెలుగు మాత్రం అలకు బదులు గాలిని ఎన్నుకొన్నది. 'గాలివాటంగా పోయేవాడు' అంటాము. అలలో ఆటను చూచిన ఉర్దూ మనసు మౌజీని చూచి మురిసినది; గాలిలో నిలకడ లేమిని చూచిన తెలుగు మనసు గాలివాటపు మనిషిని కొంత మందలించినది. ఇట్టి చోట రెండు భాషలు ఒకదానికొకటి పూరకాలవుతున్నవి.

తెలుగు చేసిన మరొక పని ముచ్చటైనది. 'హోషియార్' అంటే ఉర్దూలో జాగరూకుడు, తెలివిగలవాడు. అదే తెలుగులో 'హుషారు' అయి ఉత్సాహమనే అర్థం పొందినది. 'తమాషా' అనే మాట అరబ్బీలో కలిసి నడవడమనే అర్థంతో పుట్టి, పారసీకంలో విహారమై, వేడుకగా చూడడమై, తెలుగులో వినోదమూ పరిహాసమూ అయినది. ఇట్టి మాటలు తెలుగులో ఎంతగా కలిసిపోయినవో గుర్తించిన సి.పి. బ్రౌను, అన్యదేశ్యాలకూ మిశ్రభాషకూ వేరుగా ఒక నిఘంటువునే కూర్చవలసి వచ్చినది.

4. బరువు

ఇంతవరకు చూచినవి నవ్వుకు వెన్నెల వైపు. నీడ వైపు కూడ చూడవలెను. తెలుగులో 'తేలిక' మంచి మాట. నీటిపై తేలే వస్తువువలె మనసు తేలికపడినదంటాము. కాని 'తేలిక చేసి మాట్లాడినాడు' అంటే అవమానం. 'చులకన' మాట దీనికన్న స్పష్టం. మొదట దానికి అర్థం తేలికదనం, సులువు. నేడు వాడుకలో మిగిలినది తిరస్కారం.

ఉర్దూలోనూ ఇదే కథ నడిచినది. పారసీకంలో 'సుబుక్' అంటే తేలికైనది. దానినుండి వచ్చిన 'సుబ్కీ'కి అర్థం తలవంపు. అరబ్బీలో 'ఖఫీఫ్' అంటే తేలికైనది. దానినుండి వచ్చిన 'ఖిఫ్ఫత్' అంటే చిన్నతనం, సిగ్గుపాటు. సంస్కృతంలో 'లాఘవం' నేర్పును చెప్పుతుంది, తక్కువతనాన్నీ చెప్పుతుంది. కవిత్వంలో మాత్రం ఈ తేలిక నిర్దోషమైనది. మన ఛందస్సులో 'లఘువు' ఉన్నట్లే ఉర్దూ ఛందస్సులో 'బహ్రె ఖఫీఫ్' అనే వృత్తం ఉన్నది. అక్షరం తేలికైతే పద్యం పరుగెత్తుతుంది; మనిషిని తేలిక చేస్తే అతడు కుంగిపోతాడు.

ఇట్లు నాలుగు భాషలు – తెలుగు, సంస్కృతం, పారసీకం, అరబ్బీ – తేలికకు ఒకే విధంగా రెండు ముఖాలు చెక్కినవి. ఇది కేవలం కాకతాళీయమని మేము అనుకోవడం లేదు. నా బరువును నేను దింపుకొంటే అది ఉల్లాసం. నీ బరువును నేను తగ్గిస్తే అది అవమానం. క్రియ ఒక్కటే, కర్త, కర్మ మారినవి. ప్రారంభంలో వేసికొన్న ప్రశ్నకు సమాధానం ఇక్కడ దొరుకుతున్నది. 'నాతో మజాకా?' అన్న తెలుగువాడు రుచిని నిరాకరించడం లేదు. తన బరువును కాపాడుకొంటున్నాడు.

తెలుగు నుడికారం ఈ మెట్లను చాల నిశితంగా గుర్తించినది. 'పరాచికం' ఆట, 'వేళాకోళం' చనువుగలవారి మధ్య చెల్లుతుంది, 'ఎగతాళి'లో ఒకడు మెట్టు దిగుతాడు, 'వెటకారం'లో గొంతు వంకర పోతుంది, 'ఎత్తిపొడుపు', 'దెప్పిపొడుపు' అనే మాటలలో ఆయుధమే కనిపిస్తున్నది. 'పొడుపుకథ'లోనూ పొడుపు ఉన్నది గాని, దానికి విప్పు కూడ ఉన్నది. విప్పులేని పొడుపు గాయంగానే మిగులుతుంది. ఉర్దూవారు 'మిజాహ్'ను, 'తన్జ్'ను, 'హజ్వ్'ను ఇట్లే వేరుపరచినారు. మిజాహ్ నవ్విస్తుంది, తన్జ్ నవ్విస్తూ గుచ్చుతుంది, హజ్వ్ గుచ్చడానికే వస్తుంది. 18వ శతాబ్దంలో మీర్జా రఫీ సౌదా హజ్వ్ రచనలో అసమానుడు.

కఠినమైన మాటలను మెత్తబరచడం కూడ భాషలకు తెలుసు. 'షర్' అంటే కీడు. దానినుండి వచ్చిన 'షరారత్' ఉర్దూ తల్లి నోట పసివాని చిలిపితనమైనది. తెలుగులో 'అల్లర్లు' అని పత్రికలో చదివితే భయం కలుగుతుంది. 'మావాడు అల్లరివాడు' అని తల్లి అంటే నవ్వు వస్తుంది. ముళ్ళపూడి వెంకటరమణ సృష్టించిన బుడుగు అల్లరికి తెలుగు పాఠకులు మురిసినది ఇందుకే. మాటలోని కీడును తీసివేసినది వయసు గాదు, ప్రేమ.

5. శాస్త్రం, ధర్మం

భరతముని నాట్యశాస్త్రంలో నవ్వును ఆరు విధాలుగా విభజించినాడు. స్మితం, హసితం ఉత్తములకు. విహసితం, ఉపహసితం మధ్యములకు. అపహసితం, అతిహసితం అధములకు చెప్పబడినవి. పెదవులు విచ్చీ విచ్చని చిరునవ్వుతో మొదలై, ఒడలు తెలియని నవ్వుతో ఈ శ్రేణి ముగుస్తుంది. నేటి తెలుగులో 'ఉపహాసం', 'అపహాస్యం' అనే పదాలు ఎగతాళికే స్థిరపడినవి. 'నవ్వు నాలుగు విధాల చేటు' అన్న సామెత ఈ కింది మెట్లను చూచి పుట్టినదే కావచ్చు. మయసభలో దుర్యోధనుడు నీటిలో పడినప్పుడు చెలరేగిన నవ్వు ఎంత దూరం పోయినదో భారతం చదివినవారికి చెప్పనక్కరలేదు.

ఇస్లామీయ సంప్రదాయంలోనూ ఈ విచక్షణ స్పష్టంగా ఉన్నది. ఖుర్ఆన్‌లోని 49వ అధ్యాయమైన 'అల్ హుజురాత్', ఒక వర్గం మరొక వర్గాన్ని పరిహసించడాన్నీ, చెడ్డ పేర్లతో పిలవడాన్నీ నిషేధించినది. అక్కడ పరిహాసానికి వాడబడిన ధాతువునుండే ఉర్దూలోని 'మస్ఖరా', 'తమస్ఖుర్' వచ్చినవి. అయినా నవ్వునే నిషేధించినట్లు కాదు. ఇమాం తిర్మిజీ 'షమాయిల్'లో మహాప్రవక్త ముహమ్మద్ (స) వారి మిజాహ్‌ను గూర్చి ఒక ప్రత్యేక ప్రకరణమే ఉన్నది. ఒకడు వచ్చి ఎక్కిపోవడానికి ఒంటెనడిగితే, ఒంటెపిల్లనిస్తామన్నారట. పిల్లతో నాకేమి పని అని అతడు విస్తుపోయినాడు. ప్రతి ఒంటె కూడ ఒక ఒంటెకు పిల్లయే కదా అని వారు సెలవిచ్చినారు. ఈ చమత్కారంలో అసత్యం లేదు, ఎవరికీ చిన్నతనం లేదు. అడిగినవానికి కావలసినదీ దక్కినది. రుచి పూర్తిగా ఉన్నది. బరువు ఎవరిదీ తగ్గలేదు.

6. మన నేలపై నవ్వు

హైదరాబాదు ఈ విద్యకు పేరుపొందిన నగరం. 1962లో ఇక్కడ 'జిందా దిలానె హైదరాబాద్' అనే సంస్థ ఏర్పడినది. 'జిందా దిల్' అంటే ప్రాణమున్న హృదయం గలవాడు. నవ్వగలగడమే హృదయం బ్రతికి ఉన్నదనడానికి గుర్తు అని ఆ పేరు చెప్పుతున్నది. ఆ వాతావరణంలోనే 1968లో 'షగూఫా' అనే హాస్య మాసపత్రిక వెలువడినది. షగూఫా అంటే మొగ్గ. తెలుగులో చిరునవ్వు 'విరిసినది' అంటాము గదా, ఊహ ఒక్కటే. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుడైన ముజ్తబా హుసేన్ (1936–2020) తన వ్యాసాలతో ఈ హాస్యాన్ని దేశమంతటా వినిపించి, 2007లో పద్మశ్రీ పొందినాడు. సులేమాన్ ఖతీబ్ సామాన్యుల దక్కనీ పలుకుబడిలోనే కవిత్వం చెప్పి సభలను నవ్వించినాడు. ఆయన ఆ యాసను చూచి నవ్వలేదు. ఆ యాసతో నవ్వినాడు. ఈ భేదం సూక్ష్మమైనదైనా ప్రధానమైనది.

ఎందుకనగా, యాసను చూచి నవ్విన నవ్వు మన ప్రాంతానికి చాల అనుభవమే. తెలుగు చలనచిత్రాలు చాలకాలం తెలంగాణ పలుకుబడిని, ఉర్దూ కలిసిన తెలుగును హాస్యపాత్రలకో దుష్టపాత్రలకో అంటగట్టినవి. 1965 నాటి హిందీ చిత్రం 'గుమ్‌నామ్'లో మహమూద్ పలికిన హైదరాబాదీ యాసకు ప్రేక్షకులు ఆనందించినారు; ఆ యాస గలవారు ఉత్తరాదిన నోరు విప్పినప్పుడు అదే నవ్వు ఎదురైనది. మన తరగతులలో కూడ తెలుగు పలుకలేక తడబడే ఉర్దూ విద్యార్థి, ఉర్దూలో 'ఖాఫ్' పలుకలేని తెలుగు విద్యార్థి ఉన్నారు. ఒకసారి నవ్వులపాలైనవాడు రెండవసారి ఆ భాషలో నోరు తెరవడు. అప్పుడు పోయినది ఒక్క మాట కాదు. ఒక భాషకు ఒక మనిషి పోయినాడు. రెండు భాషల విద్యాలయానికి ఇంతకు మించిన నష్టమేది?

ముగింపు

క్రొత్తగా చేరినవారిని పెద్ద తరగతుల విద్యార్థులు వేధించడం ఒకప్పుడు 'సరదా' అనే పేరుతోనే చెల్లుబాటైనది. ఆ సరదా ప్రాణాలమీదికి వచ్చినందున ఆంధ్రప్రదేశ్‌లో 1997లో ర్యాగింగు నిషేధ చట్టం చేయవలసి వచ్చినది. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం దేశవ్యాప్తంగా నియమావళిని ప్రకటించినది. చట్టం చేయి పట్టుకొని ఆపగలదు గాని, నాలుకకు రుచి నేర్పలేదు. ఆ పని భాషది, సాహిత్యానిది.

కావున విద్యార్థి మిత్రులు ఒక మాటతో నవ్వించదలచినప్పుడు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఎదుటివాడు కూడ దీనిని చవిచూడగలడా? ఇది పలికిన తరువాత అతని బరువు తగ్గుతుందా? మొదటిదానికి అవుననీ రెండవదానికి కాదనీ సమాధానం వస్తే నిస్సంకోచంగా నవ్వించవచ్చు. అట్టివాడు ఉర్దూలో జరీఫ్, తెలుగులో సరసుడు.

కళాశాల సంఘం పెద్దలకు ఒక విన్నపం. మా పరిశీలన కొద్ది పదాలకే పరిమితమైనది. ప్రతి ఇంటిలోనూ అమ్మమ్మలు, నానీలు వాడే హాస్యపు మాటలు నిఘంటువులకెక్కనివి ఇంకను ఎన్నో ఉన్నవి. ఒక్కొక్క విద్యార్థి తన ఇంటినుండి పది మాటలు అర్థంతో సహా వ్రాసి తేగలిగితే, రెండు లిపులలో ఒక చిన్న పదకోశం సిద్ధమవుతుంది. దానిని రాబోయే సంచికలో ప్రకటించిన యెడల, పొరుగువాని భాషలో అవమానపడకుండ నవ్వుకోవడం మన విద్యార్థులకు అలవడగలదని మా విశ్వాసం.